యూఎక్స్ డిజైన్‌కు నిజంగా కొనదగ్గ పుస్తకాలేవి? అడ్తి దుకాణం యాప్ కోసం అడుగుతున్నా

వినయ్_మడికొండ:
అందరికీ నమస్తే. మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో ఫ్రంట్ ఎండ్ పని చేస్తున్నా. మా డిజైనర్ మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. "నీకు కొంచెం తెలుసు కదా" అని ఆ యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవాళ్లకు యాప్ తేలిగ్గా ఉండేలా చూడటం) పని నా మీద పెట్టారు. చేయాల్సింది వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ ఏజెంట్) దుకాణాలకు ఒక మొబైల్ యాప్. రైతు మిర్చి తెస్తాడు, లాట్ నంబరు పడుతుంది, ధర ఖాయమవుతుంది, కాంటా (తూకం) అవుతుంది, తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాస్తారు. ఇదంతా ఫోన్‌లో, తెలుగులో రావాలి.

పుస్తకాల కోసం వెతికితే "తప్పక చదవాల్సిన 50" లాంటి జాబితాలే. ఒకరిది చూసి ఇంకొకరు దింపినట్టున్నాయి. చదివి రాసినవాళ్లు ఎందరో అనుమానమే. ఇంగ్లీష్ చదవగలను, కానీ మెల్లగా. రెండు మూడు పుస్తకాలకు మించి కొనలేను. తెలుగులో ఏమైనా ఉంటే ఇంకా మంచిది. మీరు చదివినవి మాత్రమే చెప్పండి, ప్లీజ్.

కాజీపేట_రాజు:
ఒక్కటే కొంటానంటే స్టీవ్ క్రుగ్ రాసిన 'డోంట్ మేక్ మీ థింక్'. మొదట 2000లో వచ్చింది. 2014లో మూడో ఎడిషన్ వచ్చింది, అదే తీసుకో. పాతదాంట్లో మొబైల్ గురించి లేదు. విమానంలో ఒక ప్రయాణంలో అయిపోయేంత చిన్నగా ఉండాలని ఆయనే పట్టుబట్టి రాశాడు. మనం కాజీపేటలో ఎక్కితే సికింద్రాబాద్ దిగేలోపు ముప్పాతిక భాగం అయిపోతుంది. ఇంగ్లీష్ కూడా తేలికే, పేజీ నిండా బొమ్మలు.

సుజాత_హన్మకొండ:
రాజు చెప్పింది నిజమే. కానీ క్రుగ్ మాట్లాడేది ఎక్కువగా వెబ్‌సైట్ల గురించి. హోమ్ పేజీ, మెనూ, సెర్చ్ బాక్స్. అందులోంచి నీ యాప్‌కు పనికొచ్చేది ఒకటి పట్టుకో వినయ్: 'ట్రంక్ టెస్ట్'. కళ్లకు గంతలు కట్టి, కారు డిక్కీలో వేసి తిప్పి, ఏదో ఒక పేజీ ముందు దింపేశారనుకో. ఇది ఏ సైటు, ఏ పేజీ, ఇక్కడి నుంచి ఎటు పోవచ్చు అనేవి చూడగానే తెలియాలి. నీ గుమస్తా పరిస్థితి రోజంతా అదే. సగం ఎంట్రీలో ఫోన్ జేబులో పెడతాడు, ఎవరితోనో మాట్లాడతాడు, మళ్లీ తీస్తాడు. తీయగానే ఏ రైతు, ఏ లాట్, ఎంతవరకు వచ్చిందో కనబడాలి. ఆ ఒక్క పరీక్షతో నీ స్క్రీన్లన్నీ ఒకసారి చూసుకో.

నా ఓటు మాత్రం డాన్ నార్మన్‌కే. 'ద డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్'. 1988లో వేరే పేరుతో వచ్చింది, 2013లో బాగా మార్చి మళ్లీ వేశారు. కొంటే 2013 దే కొనాలి. నార్మన్ 1990ల మొదట్లో ఆపిల్‌లో పనిచేసినప్పుడే 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అనే మాట వాడకంలోకి తెచ్చాడు.

కాజీపేట_రాజు:
అక్కా, నార్మన్ నేను రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. తలుపులు, కుళాయిలు, పొయ్యి నాబ్‌లు. స్క్రీన్ ముచ్చటే తక్కువ. వచ్చే వారం డెమో పెట్టుకున్నోడికి అదెందుకు?

సుజాత_హన్మకొండ:
అందుకే మొత్తం చదవమని చెప్పను. ఏడు అధ్యాయాలుంటాయి. మొదటిది, ఐదోది చదివితే పెట్టిన డబ్బులు వచ్చేస్తాయి. చివరి రెండూ డిజైన్ పద్ధతుల గురించి, వ్యాపారం గురించి. తర్వాత ఎప్పుడైనా తిరగేయొచ్చు.

ఐదో అధ్యాయం మనుషులు చేసే పొరపాట్ల మీద. అందులో రెండు రకాలు విడదీస్తాడు. ఒకటి, ఏం చేయాలో సరిగ్గా తెలిసీ చేయి జారడం. క్వింటాల్ ధర 18500 కొట్టబోయి 1850 కొట్టడం లాంటిది. రెండోది, అసలు అవగాహనే తప్పుగా ఉండటం. లాట్ల జాబితా వచ్చిన వరుసలో ఉందని గుమస్తా అనుకుంటాడు, నువ్వేమో పేర్ల అక్షర క్రమంలో పెట్టావు. అతను ధీమాగా, తప్పు రైతు పేరు మీద ధర ఎక్కిస్తాడు. మొదటిదానికి "1850? ఈ రోజు ధరల కన్నా చాలా తక్కువ" అని అక్కడే అడిగితే చాలు. రెండోదానికి ఎన్ని హెచ్చరికలు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే అతనికి అనుమానమే రాదు. జాబితా వరుసే మార్చాలి. ఈ తేడా తెలియక మనవాళ్లు ప్రతి బటన్‌కూ "మీరు ఖచ్చితంగా చేయాలనుకుంటున్నారా?" అని ఒక డబ్బా పెడతారు. నాలుగోసారికి జనం చదవకుండానే ఓకే నొక్కుతారు.

రాజూ, తలుపుల ముచ్చట అనకు. ఆ తలుపు దగ్గర అర్థమైంది స్క్రీన్ మీద ఎప్పటికీ పాతబడదు. క్రుగ్ పుస్తకంలో స్క్రీన్‌షాట్లు పాతబడ్డాయి చూడు.

యార్డు_గుమస్తా:
నేను డిజైనర్‌ను కాదు. మా పిల్లగాడు ఈ చర్చ చూపించిండు. ఎనుమాములలో అడ్తి దుకాణంలో చాలా ఏండ్ల సంది లెక్కలు రాస్తున్న. ఇట్లాంటి యాప్ ఒకటి మాకు ఇంతకు ముందే ఇచ్చిండ్రు. పేరు వద్దు. వారం వాడినం, మళ్ల పుస్తకం తీసినం.

ఎందుకో చెప్త. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి, మార్చిలో, పొద్దున జెండా పాట (మొదటి వేలం) కాంగనే అందరూ ఒక్కసారే మీద పడతరు. ఖరీదుదారు మనిషి బస్తా కోసి, చేతిల కాయ పట్టుకొని ధర చెప్తడు. నేను ఇంకో మూల నుంచి విని రాస్త. ఆ యాప్‌ల ధర కొట్టాలంటే ముందు రైతు పేరు వెతకాలె. ఒకే ఊరి నుంచి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నోళ్లు ముగ్గురు వస్తరు. మేము పేరుతోని పట్టుకోం. లాట్ నంబరు, ఊరు, తండ్రి పేరు, అట్ల పట్టుకుంటం. చేతికి మిర్చి దుమ్ము ఉంటది, ఫోన్ వేలిముద్ర తీస్కోదు. ఎండల స్క్రీన్ కనబడదు. బూడిద రంగు అక్షరాలు పెట్టిండ్రు, ఎవలకు కనబడతయి?

ఇగ రైతు. తక్‌పట్టీ చేతికి రాంగనే చూసేది ఒక్కటే అంకె: కటింగులు పోను చేతికి ఎంత వస్తదని. ఆ యాప్‌ల అది అన్నిటికన్న కింద, గీకుతూ పోతే గానీ రాదు. పైన కంపెనీ బొమ్మ, తేదీ, టైము. అందుకే కాగితమే ఇయ్యుమంటరు.

వినయ్_మడికొండ:
అన్నా, మీరు రాసింది ప్రింట్ తీసి గోడకు పెట్టుకుంటున్నా. ఒక రోజు మీ దగ్గర కూర్చోవచ్చా?

యార్డు_గుమస్తా:
రా తమ్మీ. పనిల అడ్డం రాకపోతే చాలు.

కేయూ_లెక్చరర్:
గుమస్తా గారి పోస్టు వల్ల చర్చ అసలు దారిలో పడింది. ఇప్పుడు మీకు కావాల్సింది స్క్రీన్ల పుస్తకం కంటే ముందు, మనుషుల దగ్గర కూర్చుని ఎలా తెలుసుకోవాలో చెప్పే పుస్తకం. మూడు ఉన్నాయి, మూడూ 2013లోనే మొదట వచ్చాయి: ఎరికా హాల్ 'జస్ట్ ఇనఫ్ రీసెర్చ్', స్టీవ్ పోర్టిగల్ 'ఇంటర్వ్యూయింగ్ యూజర్స్', రాబ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 'ద మామ్ టెస్ట్'. డబ్బు, సమయం తక్కువ ఉన్న చిన్న టీమ్‌కు హాల్ పుస్తకం సరిగ్గా సరిపోతుంది. పోర్టిగల్‌ది నిదానంగా చదవాలి. ఎలా ప్రశ్నించాలి, ప్రశ్న వేశాక ఎలా నోరు మూసుకోవాలి అనే దాని మీదే చాలా పేజీలు. మా విద్యార్థులకు అన్నిటికంటే కష్టమైంది ఆ నోరు మూసుకోవడమే.

'మామ్ టెస్ట్' స్టార్టప్ వాళ్ల కోసం రాసినది, కానీ అందులో ఒక సూత్రం మనకు బాగా పనికొస్తుంది. "ఇలాంటిది వస్తే వాడతారా?" అని అడగకూడదు. "పోయినసారి తక్‌పట్టీలో లెక్క తేడా వస్తే ఏం చేశారు?" అని అడగాలి. మన దగ్గర మొదటి ప్రశ్నకు ఒకటే జవాబు: "మంచిగుంది బిడ్డా." ఎదుటివాణ్ని నొప్పించడం ఇష్టం లేక అంటారు. దాన్ని రాసుకుని ఆఫీసుకు పోతే అంతే సంగతులు.

ఈ మొహమాటం గురించి పనిచేసిన భారతీయ డిజైనర్ అపలా లాహిరి చవాన్. ఆవిడ పద్ధతిని 'బాలీవుడ్ మెథడ్' అంటారు. "ఈ సైట్‌లో టికెట్ బుక్ చేయండి" అంటే మనవాళ్లు మర్యాదగా చేసి, బాగుందని లేచి వెళ్లిపోతారు. అదే, మేనకోడలి పెళ్లి కుదిరిన పిల్లవాడు దుర్మార్గుడని ఇప్పుడే తెలిసింది, పెళ్లి ఆపడానికి వెంటనే టికెట్ కావాలి అని సినిమా కథలా చెప్తే, ఆ హడావుడిలో మర్యాద మరిచిపోయి ఎక్కడ ఇబ్బంది ఉందో గట్టిగా తిడతారు. నవ్వు వస్తుంది గానీ పని చేస్తుంది.

మంచిర్యాల_స్వప్న:
మేడం, యాప్‌ను మనుషులతో వాడించి చూసే టెస్టింగ్‌కు ఐదుగురు చాలు అని ప్రతిచోటా చదువుతున్నా. నిజమేనా? మా మేనేజర్ అదే పట్టుకుని కూర్చున్నాడు.

కేయూ_లెక్చరర్:
జాకబ్ నీల్సన్ మాట అది. 2000లో రాసిన వ్యాసం, నీల్సన్ నార్మన్ గ్రూప్ సైట్‌లో ఉచితంగా ఉంది. దాని వెనక లెక్క: ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడతాడని తీసుకుంటే, ఐదుగురు కలిసి సుమారు 85 శాతం బయటపెడతారు. ఆ 31 అన్నది ఆయన చూసిన ప్రాజెక్టుల సగటు, ప్రతి యాప్‌కూ అదే వస్తుందని కాదు. పైగా అదే వ్యాసంలో చివర ఉన్నది ఎవరూ చెప్పరు: వాడేవాళ్లు వేర్వేరు గుంపులైతే ఒక్కో గుంపు నుంచీ తీసుకోవాలి, మూడు గుంపులుంటే ఒక్కోదాని నుంచి ముగ్గురు. వినయ్ విషయంలో గుమస్తా, రైతు, ఖరీదుదారు మూడు గుంపులు. ఐదుగురు గుమస్తాలను కూర్చోబెట్టి రైతు గురించి ఏమీ చెప్పలేం.

వాడకం తేలిగ్గా ఉండేందుకు ఆయన చెప్పిన 10 సూత్రాలు కూడా, 1994 నాటివి, అదే సైట్‌లో ఉన్నాయి. వాటి కోసం పుస్తకం కొనక్కర్లేదు. 1993 నాటి 'యూజబిలిటీ ఇంజనీరింగ్' మంచి పుస్తకమే, కానీ ఇప్పుడు అది లైబ్రరీలో తిరగేయాల్సినది.

కాజీపేట_రాజు:
అయితే క్రుగ్‌దే ఇంకొకటి చెప్తా. నెలకు ఒక పొద్దు, ముగ్గురు మనుషులు. అంతకు మించి వద్దంటాడు. టెస్టింగ్ ఎలా చేయాలో 'రాకెట్ సర్జరీ మేడ్ ఈజీ' అని వేరే పుస్తకమే రాశాడు. మనిషిని కూర్చోబెట్టాక ఏం మాట్లాడాలో మాటకు మాట అందులో ఉంది. తెలుగులో రాసుకుని జేబులో పెట్టుకుంటే సరి.

కరీంనగర్_నవీన్:
'హుక్డ్' ఎవరూ చెప్పలేదేంటి? నిర్ ఇయాల్, 2014. యూజర్ మళ్లీ మళ్లీ ఎలా వస్తాడో మస్తుగా రాశాడు.

సుజాత_హన్మకొండ:
మిర్చి అమ్ముకునే రైతును యాప్‌కు అలవాటు చేయడం ఎందుకు నవీన్? వచ్చి, లెక్క చూసుకుని, వెళ్లిపోవాలి. హ్యారీ బ్రిగ్నల్ 2010లోనే వాడేవాళ్లను మోసపుచ్చే డిజైన్ మాయలకు 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టాడు, 2023లో పుస్తకం కూడా రాశాడు. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను గుర్తించి మార్గదర్శకాలు తెచ్చింది. కార్ట్‌లో చెప్పకుండా ఏదో కలపడం, "ఇంకా రెండే మిగిలాయి" అని అబద్ధపు తొందర పెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా మాట రాయడం, అన్నీ ఉన్నాయి. అది ఉచితం, తెలుసుకోవడం అవసరం కూడా. ముందు అది చదువు.

కరీంనగర్_నవీన్:
సరే అక్కా, ఆ దెబ్బ తగిలింది. నాకు తెలిసిన పని గురించి చెప్తాను: చూపు, అక్షరాలు.

డిజైన్ చదువుకోనివాళ్లకు రాబిన్ విలియమ్స్ 'ద నాన్ డిజైనర్స్ డిజైన్ బుక్' ఇప్పటికీ బెస్ట్. ఆ సినిమా నటుడు కాదు, రచయిత్రి. 1994 నాటిది, తర్వాత చాలా ఎడిషన్లు వచ్చాయి. తేడా చూపించు, వాడిందే మళ్లీ వాడు, వరుసలో పెట్టు, సంబంధం ఉన్నవి దగ్గర పెట్టు, నాలుగే మాటలు. కోడింగ్ చేసేవాళ్లకైతే 'రీఫ్యాక్టరింగ్ యూఐ', 2018. ఆడమ్ వాథన్, స్టీవ్ షోగర్ కలిసి రాసింది.

కానీ వినయ్, ఈ రెండూ ఇంగ్లీష్ అక్షరాల మీదే. తెలుగుకు అలాగే దింపితే దెబ్బ తింటావు. వాళ్లు చెప్పిన లైన్ హైట్‌తో (లైన్ల మధ్య ఎడంతో) 'రాష్ట్రం' అని రాస్తే కింది వత్తులు తర్వాతి లైన్‌లోని గుడిని ముట్టుకుంటాయి. బటన్‌లో అయితే వత్తు సగానికి తెగిపోతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచమనేది తెలుగుకు వద్దే వద్దు, ముక్కలైనట్టు కనిపిస్తుంది. చిన్న సైజులో బోల్డ్ పెడితే అక్షరం లోపలి సున్నాలు పూడుకుపోతాయి. 'థ'కీ 'ధ'కీ తేడా తెలియదు. పెద్దక్షరాలతో హెడ్డింగ్ చూపించమంటారు, మనకు పెద్దక్షరాలే లేవు కాబట్టి సైజు, రంగు, ఖాళీ ఈ మూడింటితోనే చూపించాలి.

ఫాంట్లకు నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు ఉచితం. అనెక్‌లో సన్నం నుంచి లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు అన్నీ ఉన్నాయి, బటన్లకు పనికొస్తుంది. మల్లన్న, మండలి, రామభద్ర లాంటివి కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, కానీ రామభద్ర హెడ్డింగ్‌కే. లెక్కల్లో అంకెలు 1, 2, 3 అనే పెట్టు.

మంచిర్యాల_స్వప్న:
ఎలెన్ లప్టన్ 'థింకింగ్ విత్ టైప్' చదివితే తెలుగుకు పనికొస్తుందా?

కరీంనగర్_నవీన్:
చూపు పదును పడుతుంది, కొలతలు మాత్రం పనికిరావు. తెలుగు కొలతల కోసం మన పాత అచ్చు పుస్తకాలు చూడటం మేలు. హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది కదా, 1904లో పెట్టిన గ్రంథాలయం. అక్కడ కూర్చుని పాత నవల ఒకటి తీసి, లైనుకూ లైనుకూ మధ్య ఎంత వదిలారో స్కేలు పెట్టి చూడు. వత్తులు తగలకుండా ఆ కంపోజిటర్లు (అచ్చు అక్షరాలు పేర్చేవాళ్లు) ఎంత ఖాళీ ఇచ్చారో కనబడుతుంది.

కేయూ_లెక్చరర్:
ఫారాల గురించి ఒక్కటి: ల్యూక్ రోబ్లెవ్‌స్కీ 'వెబ్ ఫార్మ్ డిజైన్', 2008. పాతదే, అయినా గడి పేరు ఎక్కడ పెట్టాలి, తప్పు వస్తే ఎక్కడ చెప్పాలి అనే విషయాల మీద ఇంత శ్రద్ధగా రాసినవి తక్కువ. తెలుగు మాటలు పొడుగు కాబట్టి గడి పక్కన కాకుండా పైన పేరు పెట్టడమే మనకు నయం.

ఇక సూత్రాల పుస్తకాలు. జాన్ యాబ్లాన్స్‌కీ 'లాస్ ఆఫ్ యూఎక్స్', 2020. సైట్ ఉచితం, అది చాలు. చదివేటప్పుడు ఒక జాగ్రత్త: జార్జ్ మిల్లర్ 1956లో రాసిన '7కు 2 అటూ ఇటూ' అన్నది కాసేపటి జ్ఞాపకం గురించి. మెనూలో ఏడే ఉండాలని ఆయన చెప్పలేదు. మెనూ కళ్ల ముందే ఉంటుంది, గుర్తుపెట్టుకునే పనేముంది? 1954 నాటి ఫిట్స్ సూత్రం మాత్రం యార్డుకు అచ్చంగా పనికొస్తుంది. గురి ఎంత చిన్నగా, ఎంత దూరంగా ఉంటే చేరడానికి అంత సమయం. మిర్చి దుమ్ము పట్టిన బొటనవేలికి బటన్ ఎంత ఉండాలో గుమస్తా గారి చేతిలో ఫోన్ పెట్టి చూడండి.

కాజీపేట_రాజు:
అలన్ కూపర్ 'అబౌట్ ఫేస్'?

సుజాత_హన్మకొండ:
ఇప్పుడు వద్దు. 2014 నాటి నాలుగో ఎడిషన్ తలగడ అంత ఉంటుంది. ఏడాది పని చేశాక తీస్తే అప్పుడు రుచి తెలుస్తుంది. బాసుతో వాదించడానికైతే జెస్సీ జేమ్స్ గారెట్ 'ద ఎలిమెంట్స్ ఆఫ్ యూజర్ ఎక్స్‌పీరియన్స్' ఉంది. 2002లో వచ్చిన సన్నటి పుస్తకం. అసలు ఎందుకు చేస్తున్నాం అన్నది అడుగున, రంగులూ రూపం అన్నింటికన్నా పైన, మొత్తం ఐదు అంతస్తులు. "ఆకుపచ్చ కాస్త మార్చు" అనే మీటింగ్‌లో ఆ బొమ్మ గీసి చూపిస్తే మాట అడుగుకు దిగుతుంది. ఆ బొమ్మ కోసమే ఆ పుస్తకం.

మంచిర్యాల_స్వప్న:
నేను చదివినది ఒకటి చెప్పనా? పుస్తకం కాదు, నివేదిక. అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన 'ఇండియా రిపోర్ట్'. దాని తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది. అందులో మన చెంబు గురించి ఒక భాగం ఉంటుంది. ఎన్ని నీళ్లు పట్టాలి, నెత్తిన పెట్టుకుంటే ఎలా, నడుం మీద పెట్టుకుంటే ఎలా, ఖాళీగా ఉంటే బరువు ఎటు, పోసేటప్పుడు ధార ఎలా వస్తుంది, ఇంకో గిన్నెకు తగిలితే చప్పుడు ఎలా ఉంటుంది, ధర ఎంత, పాతబడితే ఏమవుతుంది, ఇలా ప్రశ్నల మీద ప్రశ్నలు. వినయ్ అన్నా, అదే వరుసలో తక్‌పట్టీని ప్రశ్నించు. ఎక్కడ మడత పెడతారు, చెమటకు తడిస్తే ఏమవుతుంది, ఇంట్లో ఎవరు చదువుతారు, అప్పు ఇచ్చినవాళ్లకు చూపిస్తారా, మరుసటేడు దాకా దాస్తారా. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పేజీలు కూడా కొన్నే.

సుజాత_హన్మకొండ:
స్వప్నా, ఈ చర్చ మొత్తంలో మంచి సూచన నీదే. దాంతోపాటు పాయల్ అరోరా 'ద నెక్స్ట్ బిలియన్ యూజర్స్', 2019. పేదవాడు ఫోన్ పట్టుకుంటే పంట ధరలూ ఆరోగ్య సమాచారమే చూస్తాడని మనం అనుకుంటాం. సినిమాలు, ప్రేమలు, ఆటలు, అందరూ చూసేవే వాళ్లూ చూస్తారని చెప్తుంది. డిజైన్ ఎలా చేయాలో చెప్పే పుస్తకం కాదు, మన ఊహలు సరిదిద్దే పుస్తకం.

తెలుగులో మాత్రం చేతికి ఇవ్వదగ్గ యూఎక్స్ పుస్తకం నాకు తారసపడలేదు. ఉచితంగా చదవాలంటే ఐఐటీ బాంబే ఐడీసీ (డిజైన్ స్కూల్) వాళ్లు నడిపే 'డీసోర్స్' సైట్ చూడు, ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే, కానీ ఉదాహరణలు చాలావరకు మన దేశానివి.

కాజీపేట_రాజు:
కొనేటప్పుడు ఒక మాట. కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకో. పైరసీ ప్రింట్లు మాత్రం వద్దు. క్రుగ్ పుస్తకం బొమ్మలతోనే నడుస్తుంది, నలుపు తెలుపులో మసకగా వస్తే సగం అర్థం కాదు.

వినయ్_మడికొండ:
అందరికీ థ్యాంక్స్. క్రుగ్, ఎరికా హాల్ కొంటున్నా. ఇండియా రిపోర్ట్ ఇప్పుడే దింపుకున్నా. జాబితాను లాట్ వరుసలోకి మార్చడం, చేతికొచ్చే మొత్తం అన్నింటికన్నా పైన పెట్టడం, ఈ రెండూ పుస్తకం రాకముందే మొదలుపెట్టేశా. సుజాతక్కా, మీ నార్మన్ కొన్ని రోజులు ఇస్తారా? ఒకటి, ఐదు అధ్యాయాలు చదివి ఇచ్చేస్తా.

సుజాత_హన్మకొండ:
చౌరస్తా దగ్గరికి రా, ఇస్తాను. పెన్సిల్ గీతలు నావి, చెరపొద్దు. నీ తర్వాత రాజుకు ఇవ్వు, మూడోసారైనా పూర్తి చేస్తాడేమో.

కాజీపేట_రాజు:
😀 ఐదో అధ్యాయం నుంచి మొదలుపెడతా అక్కా.

వినయ్_మడికొండ:
గుమస్తా అన్నా, యార్డుకు ఏ రోజు రమ్మంటారు?

యార్డు_గుమస్తా:
సెలవుల తెల్లారి వద్దు, సరుకు కుప్పలు పడతది, నీతోని మాట్లాడ టైం దొరకదు. తర్వాతి రోజు పొద్దుగాల రా. ఆ చెంబు ప్రశ్నలు మంచిగున్నయి, అవి పట్టుకొని రా, తక్‌పట్టీ ఎవల ఇంట్ల ఎక్కడ దాస్తరో రైతులనే అడుగుదువు. మాస్క్ మరువకు. మిర్చి ఘాటుకు అలవాటు లేనోళ్లు తుమ్ముడే గానీ రాసుకునుడు ఉండది.